తుగ్లక్ కంటే డెబ్బై ఏళ్ల ముందు: కుబ్లాయ్ ఖాన్ కాగితం

(రికార్డింగు విని టైపు చేసిన ప్రసంగ పాఠం. సభకు రాలేకపోయినవారి కోసం. తడబాట్లు తప్ప మరేమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినబడుతోందా అండీ? సరే.

ఎవరన్నా తలాతోకా లేని పని చేస్తే మనం ఏమంటాం? తుగ్లక్ పని అంటాం. ఆరువందల తొంభై ఏళ్లయింది, ఆ మచ్చ ఇంకా పోలేదు పాపం. ఏం చేశాడాయన? 1329, 30 ప్రాంతంలో ఇత్తడి, రాగి బిళ్లలు కొట్టించి, ఇవి వెండి టంకాలతో సమానం, పుచ్చుకోండి అన్నాడు. మూడేళ్లు తిరిగేసరికి వెనక్కి తీసుకున్నాడు. బిళ్లలు తెచ్చినవాళ్లకి ఖజానాలోంచి వెండి ఇచ్చి మరీ తీసుకున్నాడు. అందులో దొంగ బిళ్లలెన్నో! వాటికీ వెండి పోయింది.

నవ్వుతాం. కానీ ఆయనకి ఆ ఊహ ఎక్కణ్ణుంచి వచ్చింది? చైనాలో కాగితం ముక్కకి సరుకు వస్తోందన్న కబురు అప్పటికే ఆసియా అంతా పాకింది. అదే ఆయనకి దారి చూపిందని చరిత్రకారులు చాలామంది అంటారు. అక్కడ నడిపించింది ఎవరు? చెంఘిజ్ ఖాన్ మనవడు కుబ్లాయ్. 1260లో మొదలుపెట్టాడు. లోహం కూడా కాదండీ, కాగితం. చెట్టు బెరడు. ఇక్కడ ఇత్తడి మూడేళ్లు నిలవలేదు, అక్కడ బెరడు ఎలా నిలిచింది? నిలిచినది మళ్లీ ఎందుకు జారింది? ఇవాళ ఈ రెండు ప్రశ్నలే. కుబ్లాయ్ జీవితం అంతా చెప్పాలంటే సాయంత్రం చాలదు. ఆయన నోటు వెంట నడిస్తే జీవితం దానంతట అదే కనబడుతుంది.

కుబ్లాయ్ పుట్టింది 1215లో. చెంఘిజ్ సేనలు ఇవాళ్టి బీజింగ్ ఉన్న చోటి జుర్చెన్ల (అప్పట్లో ఉత్తర చైనాని ఏలుతున్నవాళ్లు) రాజధానిని పట్టుకున్నది కూడా ఆ ఏడాదే. తండ్రి తోలుయ్, చెంఘిజ్ నాలుగో కొడుకు, తాగి తాగి నలభై దాటి ఎన్నాళ్లో బతకలేదు. తల్లి సొర్ఖఖ్తాని, కెరయిత్ తెగ ఆడబడుచు, నెస్టోరియన్ క్రైస్తవురాలు. నలుగురు కొడుకుల్ని పెంచింది: మోంగ్కె, కుబ్లాయ్, హులాగు, అరిఖ్ బోకె. నలుగురి పేర్లూ చరిత్రకెక్కాయి. మామూలు తల్లి కాదు.

1236లో పెదనాన్న ఓగదాయ్ ఖాన్ ఉత్తర చైనాని బంధువులకి పంచుతూ కుబ్లాయ్‌కి షింగ్‌జౌ అనే సీమ ఇచ్చాడు. పదివేల గడపల సీమ. ఇరవై ఒక్కేళ్ల కుర్రాడు ఏం చేస్తాడు? మంగోలియాలో గుడారంలో కూర్చుని పన్నులు వసూలు చెయ్యమని మనుషుల్ని పంపాడు. వాళ్లు పిండారు. రైతులు రాత్రికి రాత్రి ఊళ్లు వదిలి పోయారు. కొన్నాళ్లకి చూస్తే పదివేల గడపలు కాస్తా కొన్ని వందలయ్యాయి. కంగారుపడి ఆ వసూలుదార్లని తీసేసి, చైనా పద్ధతి తెలిసిన అధికారుల్ని పెట్టాడు. జనం తిరిగొచ్చారు. ఇది గుర్తుపెట్టుకోండి, దీనితో మళ్లీ పని పడుతుంది. గొర్రె ఉన్ని కత్తిరించుకోవాలి గానీ చర్మం ఒలిస్తే మరుసటేడు ఉన్ని ఉండదు. వయసులో ఉండగా నేర్చుకున్నాడు. డెబ్బైకి మరిచిపోయాడు.

మధ్య సంగతులు వేగంగా చెప్పేస్తాను. 1251లో అన్న మోంగ్కె పెద్ద ఖాన్ అయ్యాడు. 1253లో కుబ్లాయ్ యున్నాన్‌లోని దాలి రాజ్యాన్ని గెలిచాడు. 1256లో గడ్డిమైదానం అంచున ఊరు కట్టించాడు. దాని ప్లాను గీసింది ల్యూ బింగ్‌జోంగ్ అనే బౌద్ధ పండితుడు. తర్వాత దానికే షాంగ్డు అని పేరొచ్చింది. 1259 ఆగస్టులో సిచువాన్‌లో ఒక కొండకోట ముట్టడిలో ఉండగా మోంగ్కె పోయాడు. 1260 మేలో కుబ్లాయ్ తన ఊళ్లోనే సభ పెట్టి తనని ఖాన్‌గా ఎన్నిక చేయించుకున్నాడు. నెల తిరక్కుండా తమ్ముడు అరిఖ్ బోకె మంగోలుల పాత రాజధాని కారకోరంలో మరో సభ పెట్టి, ఖాన్ నేనన్నాడు.

అన్నదమ్ముల తగవు తీర్చింది కత్తి కంటే ఎక్కువగా బండి. కారకోరం గడ్డిభూమి మధ్యలో ఉంది, పండేది తక్కువ. ఓగదాయ్ కాలంలో రోజుకి అయిదువందల బళ్ల తిండి బయటినుంచి వచ్చేదని పారసీక చరిత్రకారుడు రషీదుద్దీన్ రాశాడు. కుబ్లాయ్ చైనా వైపు ధాన్యం ఆపేశాడు. 1264లో తమ్ముడు వచ్చి లొంగిపోయాడు. కానీ మన కథకి కావలసిన సంగతి ఒకటుంది. ఈ నాలుగేళ్ల యుద్ధానికి డబ్బు కావాలి. ఎక్కడిది? సింహాసనం ఎక్కిన ఏడాదే, 1260లో, నోటు అచ్చేశాడు. జోంగ్‌తోంగ్ నోటు. తన ఏలుబడికి పెట్టుకున్న శకం పేరే నోటు పేరు.

కాగితపు డబ్బు కుబ్లాయ్ కనిపెట్టాడనుకుంటారు కొందరు. కాదు. సిచువాన్‌లో ఇనప నాణేలు మొయ్యలేక వర్తకులు చీట్లు రాసుకునేవారు. ఆ పనిని అప్పట్లో చైనాని ఏలుతున్న సోంగ్ వంశపు ప్రభుత్వం 1024లో తన చేతిలోకి తీసుకుంది. తర్వాత ఉత్తరాన జుర్చెన్లూ అచ్చేశారు. అచ్చేసి, వేసి, చివరికి చిత్తుకాగితం చేసుకున్నారు. అంటే కుబ్లాయ్ కళ్లముందే చెడిపోయిన నమూనా ఒకటి ఉంది. దాన్ని చూసి నేర్చుకున్నాడా? మొదట్లో, బాగా నేర్చుకున్నాడు.

నోటు ఎలా తయారయ్యేది? మల్బరీ చెట్టు, అదే మన పట్టుపురుగుల ఆకు చెట్టు. పైబెరడు కాదు, లోపలి కర్రా కాదు. రెంటి మధ్య పల్చటి నార ఉంటుంది చూడండి, అది తీసి, నానబెట్టి, దంచి, కాగితం చేస్తారు. రంగు కాస్త నలుపు తిరిగి ఉంటుంది. మొదట చెక్క అచ్చులు. అరిగిపోతున్నాయని 1276లో రాగి అచ్చులు పోతపోశారు. పైన ఎర్ర ముద్రలు. ఇప్పటికి మిగిలిన నోట్లు చూస్తే ఆశ్చర్యపోతారు: 1287 నాటి రెండు గ్వాన్ల నోటు ఇంచుమించు ముప్పై సెంటీమీటర్ల పొడుగు, ఇరవై రెండు సెంటీమీటర్ల వెడల్పు. జేబులో పట్టదు, మడవాలి. మధ్యలో నాణేల దండల బొమ్మ, అక్షరం రానివాడు కూడా విలువ పోల్చుకోవాలని. కింద హెచ్చరిక: దొంగనోటు చేసినవాడికి మరణం. పట్టిచ్చినవాడికి అయిదు డింగ్‌ల వెండి, దొంగ ఆస్తి అదనం.

ఈ లెక్కలు ఒక్కసారి సర్దుకుందాం, లేకపోతే ముందు తికమక పడతాం. వెయ్యి వెన్‌లు ఒక గ్వాన్. యాభై గ్వాన్లు ఒక డింగ్. మొదటి నోట్లు పది వెన్‌ల నుంచి రెండు గ్వాన్ల దాకా ఉన్నాయి. ధర ఏమిటంటే రెండు గ్వాన్ల నోటుకి ఒక లియాంగ్ వెండి. లియాంగ్ అంటే దాదాపు నలభై గ్రాములు, మన లెక్కలో మూడున్నర తులాల దగ్గర. రాసుకున్నారా?

ఇప్పుడు అసలు ప్రశ్న. జనం ఎందుకు పుచ్చుకున్నారు? చంపుతారని భయపడా? భయం ఒకటే చాలితే తుగ్లక్ బిళ్లా నిలవాలి, అక్కడా రాజదండనకి లోటు లేదు. కుబ్లాయ్ దగ్గర ఇంకో నాలుగు ఏర్పాట్లున్నాయి. నోటుతో పన్ను కట్టొచ్చు. ఇది అన్నిటికంటే పెద్దది. సర్కారు తను అచ్చేసినదాన్ని తనే వెనక్కి పుచ్చుకుంటే దానికి గిరాకీ ఉన్నట్టే. రెండోది, 1264 నుంచి ఊళ్లలో మారకం ఖజానాలు పెట్టారు. వెండి తెస్తే నోటు, నోటు తెస్తే వెండి. ధర పడిపోతుంటే ఖజానా వెండి వదిలి నోట్లు లాగేసేది. మూడోది, చిరిగి మాసిన నోటు పట్టుకెళ్తే గ్వానుకి ముప్పై వెన్‌లు, అంటే నూటికి మూడు, పట్టుకుని కొత్త నోటిచ్చేవారు. పాతవి కాల్చేసేవారు. నాలుగోది లెక్క. తొలి ఏడాది, 1260లో, అచ్చేసింది 73,352 డింగ్‌లు. ఆ పైన పదేళ్లలో ఏ ఏడాదీ లక్షా ఇరవై వేలు దాటలేదు. 1269లో అయితే ఇరవై మూడు వేల డింగ్‌ల లోపే. చేతిలో అచ్చు ఉండి, వేసుకునే అధికారం ఉండి, వెయ్యకుండా ఊరుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి!

విదేశీ వర్తకుడు వచ్చాడనుకోండి. తెచ్చిన వెండి, బంగారం, ముత్యాలు సర్కారుకి అమ్మి నోట్లు తీసుకోవాల్సిందే. ఆ నోట్లతో పట్టో పింగాణీయో కొనుక్కుని పోతాడు. వెండి చైనాలో ఉండిపోతుంది.

పైకి ఇంత చక్కగా ఉన్నా కిందిస్థాయిలో మరో కథ నడిచేది. నూటికి మూడు అన్నది కాగితం మీది మాట. మారకం గుమాస్తా నోటుని అటు తిప్పి ఇటు తిప్పి, అంకె కనబడటం లేదనేవాడు. ఇంకొంచెం చేతిలో పడితే కనబడేది. అందుకని మాసిన నోటుని బజారులోనూ పుచ్చుకునేవాళ్లు కాదు, తగ్గించి అడిగేవాళ్లు. ఇంకోటి చిల్లర. రాగి నాణేలు చలామణీలో లేవు. రెండు, మూడు, అయిదు వెన్‌ల చిన్న నోట్లు 1275లో వేశారు గానీ మూడేళ్లకే ఆపేశారు. టీ కొట్లు, సారా అంగళ్లు, స్నానశాలలు సొంతంగా వెదురు బిళ్లలు, చీటీలు ఇచ్చుకునేవి. చిల్లర లేదని కిరాణాకొట్లో చాక్లెట్ చేతిలో పెడతారే, అదే ఇదీ. సర్కారు వద్దంటూనే ఉంది, కొట్లు ఇస్తూనే ఉన్నాయి.

నోటు మీద ఇంకో లిపి కూడా కనబడుతుంది. దానికి మనతో చుట్టరికం ఉంది కాబట్టి ఒక్క నిమిషం. టిబెట్ లామా ఫగ్స్‌పా చేత కుబ్లాయ్ కొత్త లిపి చేయించి 1269లో శాసనం చేశాడు. మంగోలు, చైనీసు, అన్ని భాషలూ దీన్లోనే రాయాలని. నలభై ఒక్క అక్షరాలు, పైనుంచి కిందికి రాస్తారు. వరస వినండి: క, ఖ, గ, ఙ. తర్వాత చ, ఛ, జ, ఞ. ఎక్కడో విన్నట్టుందా? టిబెట్ లిపి బ్రాహ్మీ సంతతి, మన తెలుగూ బ్రాహ్మీ సంతతే. కుబ్లాయ్ రాజధాని ఖాన్‌బాలిక్‌లో మన ఓనమాల దాయాది రాజముద్ర అయి కూర్చుంది. కానీ ముద్రల మీదా, నోట్ల మీదా, రహదారి బిళ్లల మీదా నిలిచింది తప్ప గుమాస్తాల కలానికి ఎక్కలేదు. చైనీసు వాళ్లు చైనీసే రాసుకున్నారు.

సరే, నోటు ఎక్కడ దెబ్బతింది? యుద్ధం దగ్గర. దక్షిణాన సోంగ్ రాజ్యం. దానికి తాళం షియాంగ్‌యాంగ్, ఫాన్‌చెంగ్ అనే జంటకోటలు, హాన్ నదికి ఈ ఒడ్డున ఒకటి, ఆ ఒడ్డున ఒకటి. 1268 నుంచి ముట్టడి. అయిదేళ్లు లొంగలేదు. చివరికి ఇరాన్‌లో ఉన్న తమ్ముడు హులాగు వంశం వాళ్లు ఇద్దరు నిపుణుల్ని పంపారు, ఇస్మాయిల్, అలాఉద్దీన్. వాళ్లు కట్టిన రాతి విసురుడు యంత్రం పద్ధతి వేరు. అంతకుముందు చైనాలో మనుషులు తాళ్లు పట్టి లాగేవారు. వీళ్లది ఒక కొసన పెద్ద బరువు కట్టి దాన్ని వదిలెయ్యడం. బరువు కిందికి, రాయి పైకి. తొంభై కిలోల రాయి. 1273లో ముందు ఫాన్‌చెంగ్, తర్వాత షియాంగ్‌యాంగ్ చేతికొచ్చాయి. 1276లో సోంగ్ రాజధాని హాంగ్‌జౌ యుద్ధం లేకుండానే సేనాపతి బాయాన్‌కి తలుపు తీసింది. 1279 మార్చిలో యామెన్ దగ్గర సముద్రంలో ఆఖరి పోరు. మంత్రి లు షియుఫు బాలరాజుని వీపున కట్టుకుని నీళ్లలో దూకాడు.

ఇప్పుడు నోటు లెక్క చూడండి. 1275లో అచ్చేసింది 3,98,194 డింగ్‌లు. 1276లో ఎంత? 14,19,665. ఒక్క ఏడాదిలో మూడున్నర రెట్లు! ఇందులో కొంత న్యాయమే. కొత్తగా గెలిచిన దక్షిణంలో సోంగ్ నోట్లుండేవి. యాభై సోంగ్ గ్వాన్లకి ఒక జోంగ్‌తోంగ్ గ్వాన్ చొప్పున మార్చారు. కోట్ల జనానికి కొత్త నోటు కావాలిగా. మిగతాది న్యాయం కాదు. అదీగాక సరిగ్గా ఆ రోజుల్లోనే ఊళ్ల ఖజానాల్లోని వెండి, బంగారం బళ్లకెత్తి రాజధానికి తోలుకుపోయారు. మారకం కొట్టు ఉంది, బోర్డు ఉంది, గుమాస్తా ఉన్నాడు. పెట్టెలో వెండి లేదు. కంచే చేను మేసింది.

అప్పుడు ఖజానా ఎవరి చేతిలో ఉంది? అహ్మద్. మధ్య ఆసియా నుంచి వచ్చిన ఫనాకత్ ఊరివాడు. 1262 నుంచి ఇరవై ఏళ్లు పన్నులన్నీ ఆయన గుప్పిట్లోనే. ఉప్పు, ఇనుము, టీ, అన్నిటా సర్కారు గుత్త బిగించాడు. 1282 ఏప్రిల్‌లో కుబ్లాయ్ షాంగ్డులో ఉండగా రాజధానిలో వాంగ్ జు అనేవాడు యువరాజు వచ్చాడని అబద్ధపు కబురు పంపించి, అహ్మద్ బయటికి రాగానే కంచు గదతో కొట్టి చంపాడు. కుబ్లాయ్ ముందు హంతకుల తల తీయించి, ఆనక అహ్మద్ అవినీతి బయటపడ్డాక ఆయన శవాన్ని సమాధి లోంచి తీయించాడు. ఆ తర్వాత వచ్చిన లు షిరోంగ్‌ని 1285లో, సంఘాని 1291లో ఉరికంబానికో కత్తికో అప్పజెప్పారు. ముగ్గురూ చెడ్డవాళ్లే అని పాత పుస్తకాలు రాస్తాయి. నాకు మాత్రం ఒకటి అనిపిస్తుంది: ముగ్గురినీ పెట్టి, ఎంతైనా సరే తెమ్మన్నది ఎవరు? షింగ్‌జౌ గడపలు గుర్తున్నాయా?

తెచ్చింది ఎటు పోయింది? జపాన్ చూడండి. 1274లో ఒకసారి వెళ్లి తిరిగొచ్చారు. 1281లో రెండోసారి, రికార్డుల ప్రకారం కొరియా నుంచి 900 ఓడలు, దక్షిణ చైనా నుంచి 3,500 ఓడలు, మొత్తం లక్షా నలభై వేల మంది. ఈ అంకెలు పెంచి రాసినవని అనుమానించేవాళ్లున్నారు, సగం అనుకున్నా పెద్దదే. తుపాను ముంచేసిందని అందరికీ తెలుసు. కానీ తుపాను దాకా ఎందుకు ఆగారు? రెండు దళాలూ కలవాల్సిన వేళకి దక్షిణ దళం రాలేదు. హకాటా తీరంలో జపాన్ వాళ్లు అప్పటికే ఇరవై కిలోమీటర్ల రాతిగోడ కట్టేశారు, దిగడానికి చోటు లేదు. వారాల తరబడి ఓడల్లోనే గడిపేసరికి ఆగస్టు తుపానుల కాలం వచ్చింది. తకాషిమా దీవి దగ్గర సముద్రం అడుగున ఇప్పటికీ లంగర్లు, మట్టి బాంబులు, ఫగ్స్‌పా లిపిలో చెక్కిన అధికారి ముద్ర దొరికాయి.

అక్కడితో ఆగాడా? వియత్నాం మీదికి 1285లో, మళ్లీ 1287లో. 1288లో బాక్ డాంగ్ నదిలో ట్రాన్ హుంగ్ దావ్ మొనలకి ఇనుము తొడిగిన గుంజలు పాతించాడు. పోటులో నీళ్లు వాటిని కప్పేశాయి, మంగోలు ఓడలు లోపలికొచ్చాయి. ఆటు మొదలవగానే గుంజల మీద చిక్కుకున్నాయి. 1293లో జావా. అక్కడ రాడెన్ విజయ అనే రాకుమారుడు వీళ్ల సేనతో తన శత్రువుని కొట్టించి, పని కాగానే వీళ్లనే తరిమేసి మజపహిత్ రాజ్యం పెట్టుకున్నాడు. అప్పు చేసి పప్పుకూడు అంటాం. ఈయన అప్పు చేశాడు, పప్పుకూడు పక్కవాడు తిన్నాడు.

1286లో అచ్చు 21,81,600 డింగ్‌లకి ఎక్కింది. 1287లో, పూర్వం సోంగ్ పక్షాన ఉన్న యె లి అనే పండితుడి సలహాతో కొత్త నోటు వేశారు, జియువాన్ నోటు. పాతవి అయిదిస్తే కొత్తది ఒకటి. అంటే పాత నోటు విలువ అయిదో వంతుకి పడిందని సర్కారే ఒప్పుకున్నట్టు. నిబంధనలు చక్కగా రాశారు: ఖజానా లియాంగ్ వెండిని రెండు గ్వాన్లకి కొనాలి, రెండు గ్వాన్ల యాభై వెన్‌లకి అమ్మాలి. బంగారం అయితే ఇరవైకి కొని ఇరవైన్నరకి అమ్మాలి. ఆ నోటు, లోపాలతోనే, మరో అరవై ఏళ్లు నడిచింది.

అన్నీ వృథా ఖర్చులే అనను. దక్షిణం ధాన్యం ఉత్తరాన రాజధానికి చేరాలి. 1282లో పూర్వాశ్రమంలో సముద్రపు దొంగలైన ఇద్దరి చేత, జు చింగ్, జాంగ్ షువాన్, అరవై అడుగుచదును ఓడలు కట్టించి నలభై ఆరు వేల షిల (షి అంటే ధాన్యం కొలత) ధాన్యం సముద్రం మీద పంపారు. 1290కి అది పదిహేను లక్షలు దాటింది. కాలువ 1293కి రాజధాని దాకా వచ్చింది. ఆ కాలువ తవ్వించిన గువో షౌజింగే 1281 నాటి పంచాంగానికీ పెద్ద, ఏడాదిని 365.2425 రోజులుగా లెక్క కట్టాడు. మన గోడమీది క్యాలెండరు వాడే గ్రెగొరీ లెక్కా అదే అంకె.

1281లో పట్టపురాణి చాబి పోయింది. నాలుగేళ్లకి యువరాజు జెన్‌జిన్. ముసలాయన తిండికీ తాగుడికీ పడ్డాడు, కీళ్లవాతం పట్టుకుంది. 1287లో నయాన్ అనే మంగోలు రాకుమారుడు తిరగబడితే ఏనుగుల మీద కట్టిన పల్లకీలో యుద్ధానికి వెళ్లాడు, డెబ్బై రెండేళ్ల వయసులో. 1294 ఫిబ్రవరిలో పోయాడు.

ఆ ఏడాదే ఇరాన్‌లోని తబ్రీజ్‌లో ఏమైందో చెప్పాలి. హులాగు మనవడు గైఖాతు, ఖజానా ఊడ్చుకుపోయి ఉన్నాడు. చైనా నోటు సంగతి విని తనూ అచ్చేశాడు, పేరు కూడా చైనా వాళ్లు నోటుకి పెట్టుకున్నదే, చావ్. చైనాలో ఉన్న నాలుగు ఏర్పాట్లలో ఇక్కడ ఒక్కటీ సరిగ్గా లేదు. పెట్టెలో వెండి లేదు, జనానికి అలవాటు లేదు, ఉన్నది మరణశిక్ష ఒక్కటే. బజార్లు మూతపడ్డాయి, ఊరు ఖాళీ అవుతోంది. రెండు నెలల్లోనే వెనక్కి తీసుకున్నారు. తుగ్లక్ మూడేళ్లు నెగ్గాడు, నయమే.

చైనాలో 1350లో మళ్లీ కొత్త నోటు వేశారు. ఈసారి వెనక ఏమీ లేదు. మరుసటేడు ఎర్ర తలపాగాల తిరుగుబాటు. సైన్యానికి జీతాలు అచ్చు మీదే. జనం సరుకుకి సరుకు మార్చుకోవడం మొదలుపెట్టారు. 1368లో మంగోలులు రాజధాని వదిలి ఉత్తరానికి పోయారు.

చీటీ మీద ఒక ప్రశ్న వచ్చింది: మార్కో పోలో అసలు చైనా వెళ్లాడా, విన్నవి రాశాడా అని. మంచి ప్రశ్న. ఆయన పుస్తకంలో ముత్ఫిలి అని ఒక రేవు ఉంది. అది మన మోటుపల్లి. గణపతిదేవుడు 1244లో వర్తకులకి అభయ శాసనం వేయించిన ఊరు. నిర్ణీత సుంకం తప్ప ఓడ బద్దలైనా సరుకు లాక్కోనని రాజు రాతిమీద మాటిచ్చాడు. అక్కడి రాణి, మన రుద్రమదేవి, చాలా న్యాయంగా ఏలిందని మార్కో పోలో రాశాడు. కానీ ఆమె పాత రాజుకి భార్య అన్నాడు. కూతురని మనకి తెలుసు. వజ్రాల లోయలో మాంసం ముక్కలు విసిరితే గద్దలు ఎత్తుకొచ్చేవన్నాడు. అది సముద్ర వర్తకులందరూ చెప్పుకునే కథే. ఇక్కడ ఆయన విన్నది రాశాడని చెప్పొచ్చు. ఇప్పుడు నోటు గురించి ఏం రాశాడో చూడండి. మల్బరీ బెరడులో పైపొర కాదు, కర్ర కాదు, మధ్య నార అన్నాడు. నల్లటి కాగితం అన్నాడు. ఎర్ర ముద్ర అన్నాడు. చిరిగిన నోటుకి నూటికి మూడు పట్టుకుంటారన్నాడు. చైనా రికార్డుల్లో గ్వానుకి ముప్పై వెన్‌లని ఉంది. సరిగ్గా సరిపోయింది. నూటికి మూడు అన్న సంగతి, మారకం కిటికీ దగ్గర వరసలో నిలబడినవాడికి తెలిసే సంగతి.